మల్లయ్య సారు చెప్పిన తప్పు పాఠం

గత వారం సూర్యాపేట కలెక్టరాఫీసు వరండాలో నా వంతు కోసం నిలబడి ఉండగా వాన మొదలైంది. బయట ఉన్నవాళ్లంతా లోపలికి జరిగారు. నా పక్కకు ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన భుజం మీది గొంగడి తడిసి నీళ్లు కారుతోంది. గొర్రె బొచ్చు తడిస్తే ఒక వాసన వస్తుంది. పచ్చిపాలకూ మట్టికీ మధ్యలో ఉంటుంది ఆ వాసన. కొందరు ముక్కు మూసుకుని దూరం జరిగారు. నేను జరగలేదు. ఇరవై ఏళ్ల కింద మా తరగతి గది వానాకాలమంతా అదే వాసన వేసేది. మా సోషల్ సారు మోతె నుంచి సైకిల్ మీద గొంగడి కప్పుకుని వచ్చి, దాన్ని కిటికీ చువ్వకు వేలాడదీసి పాఠం మొదలుపెట్టేవాడు. ఆయన గుర్తొస్తే ఎవరికైనా కళ్లు చెమర్చాలి. నాకు మాత్రం ముందు కోపం వస్తుంది. ఆయన మీద కాదు. ఒకప్పుడు ఆయన మీదే వచ్చింది, ఆ సంగతీ చెబుతాను.

ఆయన పేరు మల్లయ్య. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదట బడికి పోయి, అదే జిల్లాలో సర్కారు బడి పంతులైన మనిషి. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉండేవాడు. గొంతు మాత్రం మంద వెనక నడిచేవాడి గొంతే, నాలుగు గదుల అవతలికి వినబడేది. మా నాన్న నేపాల్ మనిషి. పద్నాలుగేళ్లప్పుడు ఇల్లు విడిచి, ఏవేవో ఊళ్లు తిరిగి, చివరికి సూర్యాపేటలో రోడ్డు మీది హోటల్లో పరోటా మాస్టరుగా కుదిరాడు. పేరు ధన్ బహదూర్. ఊళ్లో అందరికీ బహదూరే. అమ్మ పేరు మాయ. ఆమెదీ నేపాలే. అదే హోటల్లో గిన్నెలు తోమేది. అన్నయ్య రమేశ్, నేను ఇద్దరం సూర్యాపేట సర్కారు దవాఖానలోనే పుట్టాం. నాకు నేపాలీలో తిట్లు, లాలిపాటలు తప్ప ఏమీ రావు. కలలు కూడా తెలుగులోనే వస్తాయి.

ఆరో తరగతిలో చేర్చడానికి నాన్న నన్ను హైస్కూలుకు తీసుకుపోయిన రోజు అడ్మిషన్ రిజిస్టరు ముందు కూర్చున్నది మల్లయ్య సారే. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాశాడు. తరువాతి గడి దగ్గర ఆగి తలెత్తాడు.

"జాతీయత ఏం రాయాలె బహదూర్?"

"నేపాల్ సార్" అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని.

"నిన్ను అడుగుతలేను. పిల్ల ఏడ పుట్టింది?"

"గీడనే సార్. సర్కారు దవాఖానల."

"గీడ పుట్టిన పిల్ల నేపాల్ ఎట్లయితది? ఇండియా" అని సారు బాగా ఒత్తి రాశాడు. నాన్న ఆ సాయంత్రం హోటల్లో అందరికీ చెప్పుకున్నాడు, నా బిడ్డ ఇండియా అని సారు రాసిండని. అంతకుముందు అన్నయ్య బడిలో ఏం రాశారో నాన్నకు తెలియదు, అడగనూ లేదు. ఎవరో ఒకరు ఆ మాట మీద అంత నమ్మకంగా కలం పెట్టడం అదే మొదటిసారి చూశాడు.

తొమ్మిదో తరగతిలో పౌరసత్వం పాఠం వచ్చింది. అప్పటికి నా ముక్కూ కళ్లూ చూసి "గూర్ఖా" అని పిలవడం పిల్లలకు అలవాటైపోయింది. ఆ రోజు సారు పాఠం చెబుతూ ఒక్కొక్కరినీ లేపి ఎక్కడ పుట్టావని అడిగాడు. ఒకరు ఇమాంపేట అన్నారు, ఒకరు చివ్వెంల అన్నారు. నా వంతు వచ్చింది. సూర్యాపేట అన్నాను. వెనక బెంచీ నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నవ్వినవాడి దగ్గరికి నడిచాడు.

"నువ్వు ఏడ పుట్టినవ్‌రా?"

"మా అమ్మమ్మోళ్ల ఊర్ల సార్. మిర్యాలగూడల."

"అయితే సూర్యాపేటకు నీకన్న కమలనే దగ్గర. ఈ దేశంల పుట్టిన ప్రతి మనిషి ఈ దేశ పౌరుడే. గిది రాసుకోండ్రి. పరీక్షల వస్తది."

రాసుకున్నాం. పరీక్షలో వచ్చింది కూడా. నాకు పూర్తి మార్కులు పడ్డాయి. ఆ ఒక్క వాక్యం నా వెన్ను నిలబెట్టింది. టీచరు కావాలని నేను అనుకున్నది ఆ రోజే. ఆయనలాగా, ఒక వెనక బెంచీ నవ్వును ఒక్క మాటతో ఆపగలిగే మనిషిని కావాలనుకున్నాను.

టీచరు ట్రైనింగు అయింది. ప్రభుత్వ టీచరు పోస్టుకు పరీక్ష రాశాను. మెరిట్‌లో పేరొచ్చింది. అమ్మ హోటల్లో వాళ్లందరికీ లడ్డూలు పంచింది. తరువాత విచారణకు వచ్చిన కానిస్టేబుల్ నేరుగా హోటల్‌కు పోయి నాన్నను అడిగాడు, నీది ఏ దేశమని. మా నాన్నకు అబద్ధం చెప్పాలని తెలియదు. నేపాల్ అని నిజం చెప్పి, కానిస్టేబుల్‌కు రెండు పరోటాలు కూడా పెట్టాడు.

జిల్లా ఆఫీసుకు పిలిచారు. అక్కడి అధికారి వయసులో పెద్దాయన. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మంచిగానే మాట్లాడాడు. ఆ మంచితనానికే నాకు ఇప్పటికీ ఎక్కువ మండుతుంది.

"నువ్వు ఇండియన్ కావమ్మా" అన్నాడు.

"నేను సూర్యాపేటల పుట్టిన సార్. బర్త్ సర్టిఫికెట్ ఉంది. ఆధార్ ఉంది."

"పుడితే సరిపోదు. నువ్వు పుట్టేనాటికి తల్లిగానీ తండ్రిగానీ ఇండియన్ అయి ఉండాలె. ఆధార్ ఈడ ఉంటున్నవనే చెప్తది, ఈ దేశందానివని చెప్పదు. నేపాల్ పౌరురాలివని ఆడి కాగితమన్నా తెచ్చుకో, పైకి రాసి పర్మిషన్ అడుగుదం."

ఆ కాగితమూ లేదు. నాన్న పౌరసత్వ పత్రం చేయించుకునే వయసు రాకముందే ఇల్లు విడిచాడు. ఆయన ఊళ్లో పొలం పంచుకున్న దాయాదులు ఆయనను ఎరగమంటున్నారు. అంటే నేను ఇక్కడిదాన్ని కాదు, అక్కడిదాన్నీ కాదు. అధికారి నా మొహం చూసి గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు.

"ఈడి పిలగాన్ని ఎవరినన్న పెండ్లి చేసుకో. ఏడేండ్లు గడిస్తే అతని భార్యగ అప్లై చేసుకోవచ్చు. అందరికీ గదే చెప్తున్న."

పుట్టుకతో రానిది తాళితో వస్తుందట. ఆ మాట చెప్పినవాడు దాన్ని సాయం అనుకున్నాడు.

సంగతి తెలిసి రెండు రోజులకు మల్లయ్య సారు మా ఇంటికి వచ్చాడు. హోటల్ వెనక ఒక్క గది కిరాయి ఇల్లు. మధ్యాహ్నం పూట, నాన్న పరోటాల పని ముగించి చేతులకు పిండితోనే వచ్చి కూర్చున్నాడు. సారు చంకలో ఒక లావు పుస్తకం. కోర్టు దగ్గర తెలిసిన వకీలును అడిగి తెచ్చిన పౌరసత్వ చట్టం. ఒక పేజీ దగ్గర బస్సు టికెట్ పెట్టి ఉంది.

"రమేశ్ ఎప్పుడు పుట్టిండు బహదూర్?"

నాన్న చెప్పాడు. సారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు.

"ఎనభై ఏడు జులై ఒకటికి ముందు ఈడ పుట్టినోళ్లంత ఇండియన్లే. తల్లిదండ్రి ఎవరన్న కానీ. ఆ తారీఖు నుంచి చట్టం మార్చిన్రు. రమేశ్ రెండు నెలల ముందు పుట్టిండు, వాడు ఇండియన్. కమల రెండేండ్లకు పుట్టింది. కమల కాదు. తర్వాత ఇంకోసారి మార్చి, ఇంకా బిగించిన్రట."

అమ్మకు ఆ చట్టం మాటలు అర్థం కాలేదు. కానీ ఒక మాట పట్టుకుంది.

"ఒక్క కడుపే కద సార్" అంది.

సారు బస్సు టికెట్ మళ్లీ ఆ పేజీలోనే పెట్టి పుస్తకం మూశాడు. ఆయనను చూసి నాకు జాలి కలగాలి. కలగలేదు. లోపల రెండు రోజుల నుంచి ఉడుకుతున్నదంతా ఆయన మీద కుమ్మరించాను.

"మీరే సార్! ఇండియా అని రాసింది మీరు. ఈ దేశంల పుట్టినోళ్లంత పౌరులే అని మాతోని రాయించింది మీరు. మీరు నేపాల్ అని రాసుంటే నాకు అప్పుడే తెలిసేది. వేరే సదువు సదువుకుంటుంటి. ఈ ఆశ పెట్టుకోకపోతుంటి."

నాన్న లేచి నన్ను కొట్టబోయాడు. సారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అననియ్ బహదూర్. తప్పు చెప్పిన. నేను సదువుకున్నప్పటి నోట్సే ఇన్నేండ్లు చెప్పుకుంట వచ్చిన. చట్టం మారిందని ఎవడూ చెప్పలే, నేనూ సూసుకోలే."

మరునాడు సారు బడిలో ఏం చేశాడో నాకు తొమ్మిదో తరగతి పిల్లల ద్వారా తెలిసింది. ఏదో పాఠం జరుగుతుంటే ఆపేసి, పుస్తకాలు మూయమని, "నేను మీకు అబద్ధం చెప్పిన" అన్నాడట. నా పేరు చెప్పకుండా నా కథ చెప్పాడట. ఒక పిల్ల లేచి "మరి పరీక్షల ఏం రాయాలె సార్?" అంటే, "చట్టం ఏం చెప్తదో రాయి. కింద అది తప్పని కూడ రాయి. మార్కులు పోతే నా పేరు చెప్పు" అన్నాడట.

సంగతి అక్కడితో ఆగలేదు. నా ఫైలు కదిలినప్పుడు పాత అడ్మిషన్ రిజిస్టరూ బయటికి వచ్చింది. తండ్రి నేపాలీ అని తెలిసి కూడా పిల్లను ఇండియన్ అని రాశాడని సారుకు మెమో ఇచ్చారు. ఎంక్వైరీకి నన్నూ నాన్ననూ సాక్ష్యం చెప్పమని పిలిచారు. సారు అప్పటికి హెడ్మాస్టరు, రిటైర్మెంటు దగ్గర పడింది. పొరపాటున రాశానని ఒక్క మాట అంటే వదిలేస్తామని తోటి టీచర్లు నచ్చజెప్పారు.

ఎంక్వైరీ అధికారి అడిగాడు. "తెలియక రాసిన్రా?"

"చట్టం తెలియక రాసిన. పిల్ల ఏడ పుట్టిందో తెలిసే రాసిన."

"అంటే పొరపాటే కదా?"

"చట్టం తెలియకపోవుడు నా పొరపాటు. గది ఒప్పుకుంట. పిల్లను ఇండియా అనుడు మాత్రం పొరపాటు కాదు. మళ్ల రాయమన్నా గదే రాస్త."

అంతే. ఇంక్రిమెంటు ఆపారు, రిటైరయ్యే ఏడాది హెడ్మాస్టరు కుర్చీ నుంచి దింపి వేరే ఊరు బదిలీ చేశారు. వీడ్కోలు సభ లేదు, శాలువా లేదు. ఆ బడిలో ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేసిన మనిషి తన గొంగడి తాను తీసుకుని సైకిలెక్కి పోయాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటమంటున్నాయి.

రిటైరయ్యాక ఆయన చేసిన పని ఒక్కటే. నాలాంటి పిల్లలు ఇంకెందరున్నారో వెతకడం. కొన్నిసార్లు నేనూ వెంట పోయేదాన్ని. అప్పటికి ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను, సెలవు రోజుల్లో వీలయ్యేది. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు వాచ్‌మన్ కుటుంబం దొరికింది. వాళ్లూ నేపాల్ వాళ్లే. ఊక ధూళిలో తల బూడిదరంగైన పదేళ్ల పిల్ల సరిత, బడిలో తనే ఫస్టని చెప్పి మార్కుల కార్డు తెచ్చి చూపించింది. వాళ్లమ్మ సారును అడిగింది.

"దీనికన్న ఈ దేశం కాగితం అయితదా సార్?"

ఒకప్పటి మల్లయ్య సారైతే ఎందుకు కాదమ్మా అని గొంతెత్తేవాడు. ఆ రోజు మార్కుల కార్డు మడిచి సరిత చేతికిచ్చాడు.

"తెల్వదమ్మా. అయితదని చెప్పను. ఒకసారి చెప్పి ఒక పిల్లను ఆగం జేసిన. అయ్యేదాక తిరుగుత. గంతవరకే చెప్పగల."

తిరిగాడు. ఆయన అడిగింది చిన్న మార్పే. ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిలో పదేళ్లు చదివిన పిల్లను, తల్లిదండ్రులు ఏ దేశం వాళ్లయినా సరే, ఈ దేశం పిల్ల అనాలి. ఈ ఒక్క వాక్యాన్ని పేజీ మధ్యలో రాసి, కింద పిల్లల పేర్లు, వాళ్లు పుట్టిన దవాఖానలు, చదివిన బడులు రాసి ప్రతి నాయకుడికీ ఇచ్చేవాడు. కోదాడలో ఒక పెద్ద నాయకుడి ఇంటికి పోయాం. పొలాలున్న కుటుంబం, మిల్లులూ ఉన్నాయి, ఢిల్లీ దాకా మాట చెల్లుతుందని పేరు. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. కాగితం పైనుంచి కిందికి చూశాడు.

"ఏం మాస్టారూ, వీళ్లందరివీ కలిపి మన సైడు ఎన్ని ఓట్లుంటాయండీ?"

"ఒక్కటి గూడ లేదు" అన్నాడు సారు.

"మరి నా దగ్గరికెందుకొచ్చారండీ?"

"ఓట్లు లేవు గనుకనే వచ్చిన. ఉంటే మీరే వస్తుండిరి."

నాయకుడు పగలబడి నవ్వాడు. బాగా అన్నారు మాస్టారూ అని మెచ్చుకున్నాడు. మా కాగితాన్ని టేబుల్ మీద పెట్టి దాని మీద టీ గ్లాసు పెట్టాడు. పిల్లల పేర్ల మీద గుండ్రంగా మరక పడడం నేను చూస్తూనే ఉన్నాను. బయటికొచ్చాక నేను ఏడ్చాను. సారు బస్టాండు దాకా నడిచి, జిరాక్సు షాపులో ఇంకో పది కాపీలు తీయించాడు.

ఢిల్లీకి రాసిన ఉత్తరాలకు ఒకే ఒక జవాబు వచ్చింది. మీ లేఖ అందినది అని. ఆ తరువాత ఏమీ లేదు.

నాలుగేళ్ల కింద సారుకు గుండె జబ్బు ముదిరిందని తెలిసి మోతె పోయాను. ఉదయం ఎండలో, ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గొంతు కూడా చిన్నదైంది. దొడ్డిలో గొర్రెపిల్లలు అరుస్తుంటే వాటి అరుపులో ఆయన మాట కలిసిపోతోంది. మంచం దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. నేను నేపాల్ అని రాసుంటే నీకు గా ఉద్యోగం వచ్చేదా?"

"రాకపోతుండె సార్."

"మరి గా రోజు నన్నెందుకు తిట్టినవ్?"

నాకు సిగ్గేసింది. అయినా నిజమే చెప్పాను. "మీరు ఎదురుంగ ఉన్నరు కాబట్టి."

ఆయన నవ్వాడు. దగ్గు వచ్చి ఆగాడు.

"ఎదురుంగ ఉన్నోన్నే తిడ్తం బిడ్డా. కానిస్టేబులును, గుమస్తాను, పంతులును. చట్టం రాసినోడు ఎన్నడన్న ఎదురుంగ ఉంటడా? నీ కోపం ఖతం చేసుకోకు. కానీ దారిల ఉన్నోళ్ల మీద ఒడగొట్టుకోకు. చట్టం రాసినోని దాక మోసుకపో."

రెండు నెలలకు పోయాడు. ఏ పత్రికలోనూ రాలేదు. ఊళ్లో వాళ్లు, కొందరు పాత పిల్లలు, మిర్యాలగూడ నుంచి సరిత వాళ్లమ్మానాన్నలు వచ్చారు.

నేను పెళ్లి చేసుకున్నాను. కోదాడ ల్యాబులో పనిచేసే శ్రీనివాస్‌ను, ఇష్టపడి. ఏడేళ్లు నిండాక అప్లై చేశాను. చేయడానికి మనసొప్పలేదు, కానీ తల్లిది ఏ దేశమని రేపు నా కొడుకును ఎవరూ ఆపకూడదని చేశాను. ఇప్పుడు వాళ్లు ఏమంటున్నారంటే, భారతీయురాలివి కావాలంటే ముందు నువ్వు నేపాల్ దానివని కాగితం తేవాలి. నేను ఎప్పుడూ చూడని దేశం నాదని నిరూపిస్తే, నేను ఎప్పుడూ విడవని దేశం నన్ను ఒకరి భార్యగా రానిస్తుంది. నాన్న పోయాడు. దాయాదులు ఉత్తరాలకు బదులివ్వరు. ఆ ఫైలు సంగతి అడగడానికే గత వారం ఆ వరండాలో నిలబడింది. ఇంకో కాగితం కావాలన్నారు. కౌంటరు వెనక ఉన్న పిల్లకు పాతికేళ్లుంటాయేమో, సారీ మేడం అంది. ఆమె మీద అరవలేదు. కావాలన్న కాగితం పేరు రాసుకుని వానలోకి నడిచాను.

సారు రాసిన ఆ ఒక్క వాక్యం ఇప్పుడు నా చేతిరాతలో తిరుగుతోంది. సరిత ఇంటర్ చదువుతోంది, కాపీలు తనే తీసుకుపోయి ఇస్తుంది. శాంతంగా ఉండమని నాకు చెప్పేవాళ్లు చాలామంది. వాళ్లలో చాలామందికి ఓటుంది.

మొన్న ఎన్నికలు అయిన మరునాడు బడి తెరిచాం. పిల్లలు ఇళ్లల్లో అమ్మానాన్నల వేళ్లు చూసి వచ్చిన హుషారులో ఉన్నారు. ముందు బెంచీ పిల్ల ఒకతి లేచి, "మేడం, మీ ఏలు సూపెట్టరా?" అంది. ఇదివరకైతే ఊళ్లో లేనని, జ్వరమొచ్చిందని ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ప్రతి ఎన్నికకూ ఒక అబద్ధం తయారుగా పెట్టుకునేదాన్ని. ఆ రోజు చెయ్యి చాపి, ఏ గుర్తూ లేని వేలు తరగతి అంతటికీ చూపించాను.

"నాకు ఓటు లేదు" అన్నాను. "ఎందుకు లేదో చెప్తా, వినండి."

పీరియడ్ అంతా పట్టింది.